జాన్ బన్యను నడచిన ఊళ్లు

చదువవలసిన భాగములు: హెబ్రీ. 11:8–16, ఫిలిప్పీ. 1:12–14.

‘యాత్రికుని ప్రయాణము’ అను పుస్తకము మన గ్రామ సంఘములకు క్రొత్త కాదు. వీపున మూటతో, చేత గ్రంథముతో, ఇల్లు విడిచి పరుగెత్తుచున్న మనుష్యుని బొమ్మను చిన్ననాడు చూచినవారు మనలో చాలమంది ఉన్నారు. అక్షరములు రాని పెద్దలు సహితము నిరాశ యను ఊబిని గూర్చియు, మాయ సంతను గూర్చియు చెప్పగా మేము విన్నాము. అయితే ఆ ఊబి, ఆ సంత, ఆ కొండ ఏ నేలను చూచి వ్రాయబడినవో అడుగువారు తక్కువ. ఆ నేల ఇంగ్లండు దేశములోని బెడ్‌ఫర్డ్‌షైరు అను కౌంటీ. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఇది ఆ దేశపు కౌంటీలలో చిన్నవాటిలో ఒకటి.

దీనిని ఇప్పుడు చెప్పుటకు మరియొక కారణము గలదు. నేడు మన ఊళ్ల పిల్లలు చదువుల కొరకును, ఆసుపత్రులలో పని కొరకును ఇంగ్లండు వెళ్లుచున్నారు. కొందరు తలిదండ్రులను కూడ పిలిపించుకొనుచున్నారు. వచ్చిన తలిదండ్రులకు లండనులో రాజభవనమును, పెద్ద గడియారమును చూపించి తిరిగి విమానమెక్కింతురు. ఆ లండనులోనే సెయింట్ పాంక్రస్ స్టేషనులో రైలెక్కినయెడల సుమారు గంటలో బెడ్‌ఫర్డు పట్టణము చేరవచ్చును. దూరము 80 కిలోమీటర్లు మాత్రమే. ఒక పగలు వెచ్చించినను కొంత చూడవచ్చును. రెండు పగళ్లు దొరికిన మంచిది.

ముందుగా రెండు మాటలు. మనకు పుణ్యక్షేత్రములు లేవు. ఈ ఊళ్లకు వెళ్లినవానికి వెళ్లనివానికంటె ఎక్కువ మేలు కలుగదు. రెండవది, బన్యను తన పుస్తకములో ఈ ఊళ్లలో దేని పేరును వ్రాయలేదు. ఇదే ఆ కొండ, ఇదే ఆ ద్వారము అని చెప్పునవి తరువాతివారు పోల్చి చెప్పిన మాటలు. వాటిలో కొన్ని మాకు నమ్మదగినవిగా తోచుచున్నవి, కొన్ని తోచుటలేదు. ఊబి యిక్కడ ఉండెను, అక్కడ ఉండెను అని వాదించువారున్నారు గాని, వానకాలమున బురద లేని ఊరేది?

బెడ్‌ఫర్డుకు దక్షిణముగా 3 కిలోమీటర్ల దూరమున ఎల్‌స్టో గ్రామమున్నది. ఆ గ్రామమునకు చేరిన హారోడెన్ అను పల్లెలో 1628లో బన్యను పుట్టెను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పొలముల మధ్య ఒక రాయి మాత్రము ఆ స్థలమును తెలుపుచున్నది. తండ్రి కంచరి పనివాడు. ఊరూర తిరిగి చిల్లుపడిన బిందెలకు, గిన్నెలకు మాట్లు వేయుట ఆ యింటి జీవనము. కుమారుడును ఆ పనినే నేర్చెను. ఆయన పనిచేసిన ఇనుప దాగలి బెడ్‌ఫర్డులోని బన్యను వస్తుశాలలో నేటికిని ఉన్నది. దాని మీద 1647 అను సంవత్సరమును, ఆయన పేరును, ఊరిపేరును చెక్కబడియున్నవి. అట్టి ఇనుమును మోసికొని ఊళ్లు తిరిగినవానికి వీపు మీది బరువనగా ఏమో ఎవరును చెప్పనక్కరలేదు.

ఎల్‌స్టోలోని దేవాలయము మొదట సన్యాసినుల మఠములో భాగము. ఇంగ్లండును జయించిన విలియము రాజు మేనకోడలు జూడితు 1078లో ఆ మఠమును స్థాపించెను. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున మఠములన్నియు మూయబడినప్పుడు, అనగా 1539లో, ఇదియు మూయబడెను. గుడిలో సగము కూలిపోయెను, మిగిలిన సగము ఊరి దేవాలయమాయెను. 1628 నవంబరు 30న శిశువైన బన్యనుకు బాప్తిస్మమిచ్చిన రాతి తొట్టి లోపల నున్నది. కిటికీల రంగు అద్దములలో ఆయన పుస్తకముల లోని దృశ్యములు కలవు.

గంటల గోపురము మాత్రము దేవాలయమునకు అంటకుండ విడిగా నిలిచియుండును. ఆ గంటలు మ్రోగించుట యౌవనమున బన్యనుకు మిక్కిలి ఇష్టము. తరువాత అది వ్యర్థమైన వినోదమని మనస్సాక్షి గద్దింపగా మానివేసెను. మానివేసెను గాని కాళ్లు ఊరకుండలేదు. ఇతరులు మ్రోగించుచుండగా చూడవచ్చెను. చూచుచు, గంట తెగి నెత్తిన పడునేమో యని భయపడి దూలము క్రింద నిలిచెను. గంట గోడకు తగిలి తన మీదికి వచ్చునేమో యని గుమ్మములోనికి జరిగెను. చివరకు గోపురమే కూలునేమో యని పారిపోయెను. ఇదంతయు ఆయనయే తన ఆత్మకథలో వ్రాసికొనెను. చదువునప్పుడు నవ్వు వచ్చును. గోపురము క్రింద నిలిచి పైకి చూచినవారికి ఆ భయము కొంత అర్థమగునని మా తలంపు.

దేవాలయపు పెద్ద తలుపులో ఒక చిన్న దిడ్డి తలుపు కలదు. క్రైస్తవుడు తట్టిన ఇరుకు ద్వారము ఇదేనని ఊరివారందురు.

దేవాలయమునకు ఎదురుగా పచ్చిక బయలు ఉన్నది. ఒక ఆదివారమున ఉదయము విశ్రాంతిదినమును గూర్చిన ప్రసంగము విని, భోజనము చేసి, దానిని మరచి, బన్యను ఆ బయలులో ఆటకు దిగెను. ఆ ఆట ఏదో తెలిసినయెడల మన పిల్లలు సంతోషింతురు. అది మన బిళ్లంగోడు వంటిదే. కొన్ని ఊళ్లలో దానినే చిర్రగోనె, గూటీబిళ్ల అందురు. బిళ్లను ఒకసారి కొట్టి రెండవసారి కొట్టబోవుచుండగా, పాపములను విడిచి పరలోకమునకు పోవుదువా లేక వాటితో నరకమునకు పోవుదువా అను స్వరము తన ఆత్మలో వినబడెనని ఆయన వ్రాసెను. కఱ్ఱ నేలను వదలి ఆకాశము వైపు చూచెను. తరువాత ఏమి చేసెను? తనకు ఇక క్షమాపణ లేదని నిరాశపడి, ఎటులను చెడినవాడనే గదా యని మరల కఱ్ఱ తీసికొని ఆటలో పడెను! మారుమనస్సు ఒక్క గడియలో ముగియునని తలంచువారు ఈ బయలును గూర్చి ఆలోచింపవలెను.

ఆ బయలులోనే మూట్ హాల్ అను పాత కట్టడము నిలిచియున్నది. కఱ్ఱ చట్రములు, వాటి నడుమ ఇటుకలు, మీద మేడ. సుమారు 500 సంవత్సరముల క్రిందట సంత పనుల కొరకు కట్టిరి. ఎల్‌స్టో సంత పేరుపొందినది. చుట్టుప్రక్కల ఊళ్ల జనమెల్ల కూడుదురు. మాయ సంత ఈ సంతను చూచియే వ్రాయబడెననుట మాకు నమ్మదగినదిగా తోచుచున్నది. పుట్టిన ఊరి బయలులో ఏటేట గారడీవారిని, బేరములను, తగవులను చూచినవాడు మరియొక సంతను వెదకనేల? మూట్ హాల్ ఇప్పుడు వస్తుశాల. అన్ని దినములు తెరచియుండదు గనుక ముందుగా విచారించి వెళ్లవలెను.

ఎల్‌స్టో నుండి బెడ్‌ఫర్డుకు కాలినడకన పోవచ్చును. ఊజ్ అను నది నెమ్మదిగా పట్టణము నడుమ పారుచుండును. గట్ల మీద చెట్లు, నడకదారులు ఉన్నవి. మాట్లు వేయుటకై ఈ పట్టణమునకు వచ్చిన దినమున, ఒక వీధిలో ముగ్గురు నలుగురు పేద స్త్రీలు ఎండలో గుమ్మమునొద్ద కూర్చుండి దేవుని సంగతులు మాటలాడుకొనుట బన్యను వినెను. తానును మతవిషయములు బాగుగ మాటలాడగలవాడే. కాని వారి మాటలలోని సంతోషము తనకు లేదని గ్రహించెను. ఆ స్త్రీల పేర్లు ఆయన వ్రాయలేదు. వారి ద్వారా ఆయన జాన్ గిఫర్డు అను కాపరి సంఘములో చేరి, కొంతకాలమునకు తానే ఊరూర వాక్యము చెప్ప మొదలుపెట్టెను.

ఇక్కడ కొంచెము దక్షిణమునకు మరలవలెను. హార్లింగ్టను అను ఊరి దగ్గర లోయర్ సామ్సెల్ అను చిన్న పల్లె ఉన్నది. 1660లో రెండవ చార్లెసు రాజు సింహాసనమునకు తిరిగివచ్చిన తరువాత, ప్రభుత్వ సంఘమునకు వెలుపల కూటములు జరుపువారిని పట్టుకొన మొదలిడిరి. ఆ సంవత్సరము నవంబరు 12న సామ్సెల్‌లోని ఒక యింట కూటమునకు బన్యను వెళ్లెను. పట్టుకొనుటకు ఉత్తరువు సిద్ధముగా నున్నదని ముందే ఆయనకు తెలిసెను. కూటము మానుదమా యని ఇంటివాడు అడిగెను. తాను పారిపోయినయెడల క్రొత్తగా విశ్వసించినవారు ఏమగుదురని తలంచి ఆయన నిలిచెను. ప్రార్థన చేసి బోధ మొదలుపెట్టగానే అధికారి వచ్చెను. మరునాడు హార్లింగ్టనులో ఫ్రాన్సిస్ వింగేటు అను న్యాయాధికారి ఎదుట నిలువబెట్టిరి. బోధింపనని మాట ఇచ్చినయెడల విడుతుమనిరి. ఇయ్యలేదు. బెడ్‌ఫర్డు చెఱసాలకు పంపిరి.

ఆ చెఱసాల హై స్ట్రీటును సిల్వర్ స్ట్రీటును కలియు మూల నుండెను. 1801లో దానిని కూల్చివేసిరి; ఇప్పుడు నడకదారిలో పొదిగిన పలక తప్ప మరేమియు లేదు. దుకాణములకు పోవు జనము దానిని త్రొక్కుకొని పోవుచుందురు. ఆయన అందులో 12 సంవత్సరములుండెను. ప్రతి దినము తలుపు తాళము ఆయన నాలుక మీదనే యుండెను. ఇక బోధింపను అని ఒక్క మాట చాలును. ఆరంభమున చెఱసాల అధికారి దయచూపి అప్పుడప్పుడు బయటికి పోనిచ్చెను గాని తరువాత అదియు కఠినమాయెను. పొడవైన దారములకు కొనలందు లోహపు మొనలు తొడిగి, వాటిని అమ్మించి ఇంటిని పోషించెను.

ఇంటిలో నలుగురు చిన్న పిల్లలు. పెద్దది మేరీ, పుట్టు గ్రుడ్డిది. వారి తల్లి 1658లో చనిపోగా, మరుసటి ఏట ఎలీసబెతు అను స్త్రీని బన్యను వివాహము చేసికొనెను. ఆయనను పట్టుకొనిపోయిన వార్త వినినప్పుడు ఆమె గర్భవతి. ఆ అదటున ప్రసవవేదన కలిగి, కొన్ని దినములు బాధపడి, కన్న బిడ్డను పోగొట్టుకొనెను. తనది కాని నలుగురు బిడ్డలతో ఆమె మిగిలెను.

బెడ్‌ఫర్డుకు వెళ్లినవారు వంతెన ప్రక్కన నదికి ఎదురుగానున్న స్వాన్ హోటలు నొద్ద కొంతసేపు నిలువవలెనని మేము కోరుదుము. నేటి కట్టడము ఆ నాటిది కాదు. కాని ఆ నాడును ఇక్కడ స్వాన్ అను సత్రమే యుండెను. 1661 ఆగస్టులో న్యాయాధిపతులు వచ్చి దాని మేడగదిలో కూర్చుండిరి. ఎలీసబెతు అంతకుముందే లండను వరకు పోయి భర్త విడుదల కొరకు మనవి ఇచ్చియుండెను. ఇప్పుడు సిగ్గుతోను వణకుతోను ఆ గదిలోనికి వెళ్లి, మాథ్యూ హేల్ అను న్యాయాధిపతితో మాటలాడెను. తన భర్తను న్యాయముగా విచారింపలేదని వాదించెను. నలుగురు పిల్లలున్నారనియు, అందులో ఒకతె గ్రుడ్డిదనియు, మంచివారి దానము తప్ప ఆధారము లేదనియు చెప్పెను. హేల్ జాలిపడెను. రెండవ న్యాయాధిపతి ట్విస్డను మాత్రము కోపించి, నీ భర్త బోధించుట మానునా యని అడిగెను. మాట్లాడగలిగినంత కాలము మానజాలడని ఆమె చెప్పెను. అనగా భర్తను విడిపించుకొన వచ్చిన స్త్రీ, విడుదలకు అడ్డమైన మాటను తన నోటనే చెప్పెను. తరువాత ఏడ్చుచు వెళ్లిపోయెను. ఈ సంగతులన్నియు బన్యను వ్రాసియుంచిన చెఱసాల వృత్తాంతము వలన తెలియుచున్నవి. అది ఆయన మరణించిన చాలకాలమునకు, 1765లో అచ్చుపడెను.

బన్యనును పొగడునప్పుడు మన బోధకులు ఈ స్త్రీని మరచిపోవుదురు. పట్టణములో సెయింట్ పీటర్స్ అను పచ్చిక బయలు నొద్ద బన్యను కంచు విగ్రహము 1874 నుండి నిలిచియున్నది. పాదములయొద్ద తెగిన సంకెల కూడ ఉన్నది. కాని ఆ 12 ఏండ్లు చెఱసాలలో ఒకడు గడిపెను, వెలుపల ఐదుగురు గడిపిరి. ఆ పిల్లలను, ముఖ్యముగా గ్రుడ్డి బిడ్డను, తలంచుటయే తనకు చెఱలోని బాధలన్నిటిలో పెద్దదని ఆయనయే ఒప్పుకొనెను. ‘యాత్రికుని ప్రయాణము’ మొదటి భాగములో క్రైస్తవుడు భార్యను, నలుగురు పిల్లలను విడిచి చెవులు మూసికొని పరుగెత్తును. 1684లో వచ్చిన రెండవ భాగములో ఆ భార్యయే నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని అదే దారిన నడచును. దీనిని వ్రాయునప్పుడు ఆయన కన్నుల ముందు ఎలీసబెతు ఉండెనని మేము తలంచుచున్నాము. మన సంఘములలో మొదటి భాగమునే చదివి పుస్తకము మూయుట అలవాటు. అది మాకు నచ్చదు.

1672లో రాజు ఉత్తరువు వలన విడుదలై, ఆ సంఘమునకే కాపరియై, ఒక ధాన్యపు కొట్టును కొని అందులో ఆరాధన జరిపించెను. ఆ స్థలముననే 1850లో కట్టిన మందిరము నేడున్నది. దాని కంచు తలుపులపై యాత్రికుని కథ పది దృశ్యములుగా పోతపోయబడినది. చదువు రానివారును దానిని చూచి కథ చెప్పవచ్చును. ప్రక్కననే వస్తుశాల. అందులో దాగలితో కూడ, పాత చెఱసాల తలుపును, మేరీ తండ్రికి పులుసు మోసినదని చెప్పు కూజాయును, అనేక భాషలలో అచ్చయిన ఆయన పుస్తకములును ఉన్నవి.

స్వాన్ హోటలులోని పెద్ద మెట్లదారి మరియొక చోటి నుండి తెచ్చినది. దక్షిణముగా ఆంప్ట్‌హిల్ అను ఊరి దగ్గర కొండ మీద హౌటన్ హౌస్ అను గొప్ప మేడ యుండెను. 1615 ప్రాంతమున ఒక జమీందారిణి దానిని కట్టించెను. యాత్రికుడు కష్టమను కొండ ఎక్కి చేరిన సౌందర్య మందిరము ఇదేనందురు. 1794లో దాని యజమాని పైకప్పు తీయించివేసెను, మెట్లు హోటలుకు చేరెను. ఇప్పుడు ఎఱ్ఱ ఇటుక గోడలు మాత్రమే నిలిచియున్నవి. రుసుము లేదు. కొండపై నుండి పొలములు చాల దూరము కనబడును. ఆ ఊరికే మరియొక దుఃఖకథ గలదు. హెన్రీ రాజు తన రాణియైన కాథరీనును విడనాడినప్పుడు ఆమె ఆంప్ట్‌హిల్ కోటలోనుండెను. ఆ వివాహము చెల్లదని 1533 మే 23న క్రాన్మరు తీర్పు చెప్పినది ఇదే కౌంటీలోని డన్‌స్టబుల్ మఠపు దేవాలయమున. ఆ దేవాలయము నేటికిని ఆరాధనలో ఉన్నది. కోట లేదు, అక్కడ ఒక సిలువ స్తంభము నిలిపిరి.

వాయవ్యముగా 8 కిలోమీటర్ల దూరమున స్టీవింగ్టను. నాలుగు దారులు కలియుచోట పాత రాతి సిలువ, దేవాలయము క్రింద రాతినుండి ఊరు నీటి ఊట, ఊరి వెలుపల గాలిమర. క్రైస్తవుని మూట జారిపడిన సిలువ ఇదేనందురు. నమ్మినను నమ్మకున్నను, చూడదగిన పల్లె.

బెడ్‌ఫర్డుకు ఆగ్నేయముగానున్న కార్డింగ్టనును మాత్రము విడువరాదు. అక్కడ కాపురముండిన జాన్ హోవార్డు 1773లో కౌంటీకి షెరీఫు ఆయెను. ఆ పదవి గలవారు చెఱసాలను తొంగిచూచుట లేదు. ఈయన లోపలికి వెళ్లెను. నిరపరాధులని తీర్పు పొందినవారు సహితము జెయిలరుకు రుసుము చెల్లింపలేక లోపలనే యుండుట చూచెను. అది బన్యను నూరేండ్లకు ముందు ఉండిన చెఱసాలయే! జెయిలరుకు జీతమిండని అడుగగా, ఇతర కౌంటీలలో అట్టి వాడుక ఉన్నదా యని అధికారులడిగిరి. దానిని విచారించుటకు బయలుదేరినవాడు మిగిలిన బ్రదుకంతయు చెఱసాలలు తిరిగెను. మరుసటి సంవత్సరమే పార్లమెంటు ఆ రుసుములను తీసివేయు చట్టము చేసెను. 1790లో దూరదేశమున ఖెర్సోనులో జ్వరముతో మరణించెను.

అదే ఊరిలో మన దేశమునకు సంబంధించిన ఒక సమాధి ఉన్నది. ఆర్-101 అను గొప్ప గాలి ఓడ 1930 అక్టోబరు 4 సాయంకాలము కార్డింగ్టను నుండి, అప్పటి హిందూదేశములోనిదైన కరాచీకి బయలుదేరెను. ఆ రాత్రి గాలివానలో ఫ్రాన్సు దేశమున బోవే దగ్గర నేలకు తగిలి కాలిపోయెను. 54 మందిలో 48 మంది చనిపోయిరి. వారందరిని ఒకే గోతిలో ఇక్కడ పాతిపెట్టిరి. గాలి ఓడలను దాచిన మహా కొట్టములు మైళ్ల దూరమునకు కనబడుచుండును.

లూటను పెద్ద పట్టణము, ఒకప్పుడు గడ్డి టోపీలకు ప్రసిద్ధి. వూబర్నులో డ్యూకుగారి భవనమున్నది. తీరిక యున్నవారు చూడవచ్చును.

వెళ్లలేనివారు స్త్రీల కూటములో ‘యాత్రికుని ప్రయాణము’ రెండవ భాగమును ఈ నెల చదువ మొదలిడవలెను. చదివిన పిమ్మట ఈ ప్రశ్నను చర్చింపుడు: బోధింపనని బన్యను మాట ఇచ్చి ఇంటికి వచ్చియుండినయెడల, ఎలీసబెతు గుమ్మమునొద్ద ఆయనను ఎట్లు చేర్చుకొనియుండును? పురుషులు ముందు విని, తరువాత మాటలాడవలెను.